గాలిమోటరు దిగే నేల

విమానం అన్న మాట మనకి కొత్తది కాదు. పురాణాల్లో ఉంది, హరికథల్లో ఉంది, సినిమాల్లో అట్టముక్కలతో చేసిన పుష్పకం తాళ్ళ మీద వేలాడుతూ వచ్చింది. అయినా మా ఆకివీడు వైపు ముసలివాళ్ళు నిజం విమానాన్ని ఎన్నడూ విమానం అనలేదు. గాలిమోటరు అన్నారు. రోడ్డు మీద పోయేది మోటారు, గాలిలో పోయేది గాలిమోటరు. ఎంత తేలిగ్గా తేల్చేశారో చూడండి. దేవతలు ఎక్కితే విమానం, దొరలు ఎక్కితే గాలిమోటరు!

నాకు మాత్రం చిన్నప్పటినుంచీ ఒక సందేహం. పుష్పకం ఎన్నిచోట్ల దిగిందో, ఎవరెవరు ఎక్కారో పౌరాణికులు రాగాలు తీసి చెప్పారు గానీ, అది దిగడానికి ఎవరి పొలం తీసుకున్నారో ఒక్కరు చెప్పగా వినలేదు. ఆ పొలంలో అప్పుడు చేను కోతకి వచ్చిందా, నాట్లు వేస్తున్నారా? దేవతల విమానానికి ఆ బెడద లేదు కాబోలు. మనుషుల విమానానికి ఉంది. అది ఎగిరేది ఆకాశంలోనే అయినా, దాని కథంతా నేలమీదే ఉంది. మన ప్రాంతపు విమానాశ్రయాల సంగతులు ఒకచోట పోగేసి చూస్తే నాకు అనిపించింది ఇదే.

మా ఊరు అసలు నీళ్ళ దేశం. ఒక పక్క కొల్లేరు, మరోపక్క దాని నీళ్ళని సముద్రానికి మోసుకుపోయే ఉప్పుటేరు, మధ్యలో కాలువలూ డ్రెయిన్లూ చెరువులూ. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట, ఆ తర్వాత మూడేళ్ళకి బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట పూర్తయ్యాక ఇక్కడి మనుషులకి కాలువే రోడ్డు. ధాన్యం పడవలో పోయేది, పెళ్ళివారు పడవలో వచ్చేవారు, కాపరానికి వెళ్ళే ఆడపిల్ల పడవ మీదే వెనక్కి తిరిగి చూసుకునేది. కృష్ణ నుంచి వచ్చే ఏలూరు కాలువా, గోదావరి నుంచి వచ్చే ఏలూరు కాలువా ఏలూరు దగ్గర కలుసుకుంటాయి. కాకినాడ నుంచి మద్రాసు దాకా నీళ్ళ మీదే పోయే దారి ఉండేదంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. తర్వాత రైలు వచ్చింది, బస్సు వచ్చింది, పడవ వెనకబడింది. అంతవరకూ అన్నీ మనుషుల అవసరం కోసం, వర్తకం కోసం వచ్చినవే. గాలిమోటరు మాత్రం అలా రాలేదు. అది భయం వెంట వచ్చింది.

1942 సంగతి. ఆ మార్చి 8న రంగూను జపాను వాళ్ళ చేతిలో పడింది. రంగూను అంటే మన కోస్తా వాళ్ళకి పరాయి ఊరు కాదు. ఓడరేవులో కూలికి, బియ్యం మిల్లుల్లో పనికి మనవాళ్ళు వేలకి వేలు వెళ్ళిన ఊరు. అక్కడినుంచి ఓడల మీద వచ్చినవాళ్ళు వచ్చారు, అడవుల్లో నడిచి వచ్చినవాళ్ళు నడిచి వచ్చారు, రానివాళ్ళు రాలేదు. అదే నెల 23న అండమాను దీవులు పోయాయి. ఏప్రిల్ 5న కొలంబో మీద బాంబులు పడ్డాయి. మర్నాడు, ఏప్రిల్ 6న, విశాఖపట్నం మీదా కాకినాడ మీదా పడ్డాయి. బంగాళాఖాతంలోకి వచ్చిన 'ర్యూజో' అనే జపాను విమానవాహక నౌక మీదనుంచి లేచిన విమానాలు అవి. నష్టం లెక్కకి కొద్దే. భయానికి లెక్కలేదు. విశాఖపట్నం ఖాళీ అయింది. మద్రాసులో ప్రభుత్వ కార్యాలయాలే మూటాముల్లే సర్దుకుని లోపలి ఊళ్ళకి పోయాయి. ప్రభుత్వమే పరుగెత్తాక ప్రజలు ఆగుతారా?

మా అమ్మమ్మ ఆ రోజుల గురించి చెప్పేది. అప్పటికి ఆమెకి ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళు. సాయంత్రం దీపం పెట్టాక లాంతరు గ్లాసుకి నల్లకాగితం చుట్టేవారట. "ఎందుకమ్మా?" అని అడిగితే, "పైనుంచి వాడికి మన ఇల్లు కనపడకూడదే" అనేవారట పెద్దవాళ్ళు. "వాడికి మన ఇల్లు ఎందుకో, మా పాకలో ఏముందో నాకు అర్థమయ్యేది కాదే అమ్మాయ్. కానీ గాలిమోటరు చప్పుడైతే చాలు, గాదె కిందకి దూరిపోయేవాళ్ళం" అని నవ్వేది. ఆకాశం నుంచి భయం వస్తుందని మా ఊరివాళ్ళకి తెలిసింది ఆ యేడే. అంతకుముందు ఆకాశం నుంచి వచ్చే ఆపద అంటే గాలివానే.

తూర్పుతీరం మీదకి శత్రువు దిగుతాడేమోనన్న అనుమానంతో ఇంగ్లీషు ప్రభుత్వం దేశమంతటా విమానాల దిగుడు మైదానాలు కట్టడం మొదలుపెట్టింది. 1942లో వేసిన ప్రణాళికలో వాటి సంఖ్య రెండు వందలకి పైమాట. భూమి కావాలంటే బేరాలు లేవు. 1939 నాటి భారత రక్షణ చట్టం, దాని కింద చేసిన నిబంధనలు ఉన్నాయి. సర్కారుకి అవసరమైన నేలని సర్కారు తీసుకోవచ్చు. యుద్ధం తొందర అలాంటిది. ఇవాళ్టిలా బుల్డోజర్లు బారులు తీరిన కాలం కాదు. దేశంలో చాలాచోట్ల ఆ మైదానాలు కూలి జనం చేతుల మీదే లేచాయి. మగవాళ్ళు రాయి కొట్టారు, ఆడవాళ్ళు తట్టల్లో కంకర మోశారు. ఆ పరుపు మీద విమానం దిగింది. మోసినవాళ్ళు మాత్రం తట్ట పట్టుకుని ఎండలో పక్కకి తప్పుకున్నారు.

అలా మన వైపు వచ్చినవే తాడేపల్లిగూడెం ఏరోడ్రోమూ, బెజవాడ దగ్గర గన్నవరం మైదానమూ. మ్యాపు ముందు పెట్టుకుని చూస్తే ఈ రెండూ ఒక సంగతి చెబుతాయి. రెండూ పల్లపు భూమి అంచున, మెట్ట మొదలయ్యే చోట ఉన్నాయి. మా ఆకివీడు దగ్గరో కైకలూరు దగ్గరో ఎందుకు కట్టలేదంటే, ఇక్కడి నల్లరేగడి వానాకాలంలో ఎద్దుకాలు పట్టుకుంటే వదలదు. విమానం చక్రాన్ని మోస్తుందా? విమానానికి గట్టి నేల కావాలి, నీళ్ళు నిలవని చోటు కావాలి, రైలూ రోడ్డూ దగ్గరుండాలి. గూడేనికి మూడూ ఉన్నాయి.

ఇక యుద్ధం అనుకున్నట్టు మన తీరానికి రాలేదు. 1944లో అసలు పోరు ఎక్కడో ఇంఫాల్, కోహిమా కొండల్లో జరిగింది. 1945 ఆగస్టులో జపాను లొంగిపోయింది. దక్షిణాదిన హడావిడిగా కట్టిన మైదానాలు చాలామటుకు ఒక్కసారిగా అక్కరకి రానివైపోయాయి. పెళ్ళి ఆగిపోయాక మిగిలిన పందిరిలా ఎండలో నిలబడ్డాయి.

అయితే అన్ని పందిళ్ళ గతీ ఒకటి కాలేదు. గన్నవరం బతికింది, గూడెం బతకలేదు. గన్నవరానికి పక్కనే బెజవాడ ఉంది. దేశం నాలుగు వైపులకీ రైళ్ళు విడిపోయే పెద్ద జంక్షను, వ్యాపారం, జాతీయ రహదారి, అన్నీ దాని కలిసొచ్చిన మేనరికాలు. అటు రాజమహేంద్రవరానికి మధురపూడి మైదానం ఉంది. మధ్యలో పడిన గూడేనికి ఉల్లిపాయల మార్కెట్టు ఉంది, బోలెడు రైళ్ళు ఆగే స్టేషను ఉంది గానీ, విమానం ఎక్కేంత జనం ఆ రోజుల్లో ఏరీ? ఇద్దరు ధనవంతులైన అక్కచెల్లెళ్ళ మధ్య పుట్టిన పేద చెల్లెలి బతుకైంది దానిది.

సరే, ఈ విమానాశ్రయం అన్నది ఎలా నడుస్తుందో కాస్త చెప్పుకుందాం. విమానం ఎక్కి దిగేవాళ్ళలో కూడా చాలామందికి దీని లోపలి మర్మం పట్టదు. రన్‌వే చివర నేలమీద పెద్ద పెద్ద అంకెలు రాసి ఉంటాయి. గన్నవరంలో ఒక చివర 08, రెండో చివర 26. ఇవి ఇంటి నంబర్లు కావు, దిక్కులు. ఉత్తరం నుంచి లెక్కపెడితే 80 డిగ్రీలు, అంటే దాదాపు తూర్పు. 260 డిగ్రీలు, అంటే దాదాపు పడమర. చివరి సున్నా తీసేసి రాస్తారు. ఒకే రోడ్డుకి రెండు పేర్లు, వచ్చే వైపుని బట్టి. మన ఇళ్ళల్లో కోడలు ఒక వైపునుంచి వదినా, మరోవైపునుంచి తోడికోడలూ అయినట్టు.

గాలిపటం ఎగరేసిన పిల్లవాడికి తెలిసిన సంగతే పైలటుకీ ముఖ్యం. గాలికి ఎదురుగా పరుగెత్తితేనే ఎగురుతుంది. అందుకే పడమటిగాలి వీచే రోజుల్లో విమానం పడమటి ముఖంగా లేస్తుంది, తూర్పుగాలి తిరిగితే తూర్పు ముఖంగా. గాలి ఎటు ఉందో చెప్పడానికి కంప్యూటర్లున్నా, మైదానం పక్కన కొయ్యకి కట్టిన గుడ్డసంచి ఒకటి ఇప్పటికీ ఉంటుంది. ఉబ్బి ఒకవైపుకి తిరుగుతుంది. అంతటి యంత్రం ఆ గుడ్డసంచి మాట వింటుందంటే నాకు భలే ముచ్చటేస్తుంది.

ఎండ సంగతి ఇంకో విచిత్రం. రోహిణికార్తెలో రోళ్ళు పగులుతాయంటారు కదా, రోళ్ళ సంగతేమో గానీ విమానాలకి మాత్రం ఆ రోజుల్లో పరుగు ఎక్కువ కావాలి. వేడిగాలి పల్చన. పల్చటి గాలి రెక్కల్ని సరిగ్గా మోయదు. కాబట్టి అదే విమానం, అదే బరువు, మాఘమాసంలో లేచిన దూరంలో వైశాఖంలో లేవదు. ఇంకా కొంత దూరం పరుగెత్తాలి. అందుకే రన్‌వే పొడవు మీద అంత పేచీ. పంతొమ్మిది మంది పట్టే డోర్నియర్ లాంటి చిన్న విమానానికి కిలోమీటరు లోపల నేల చాలు. నూట ఎనభై మందిని మోసేదానికి రెండు కిలోమీటర్లకి పైనే కావాలి. సముద్రాలు దాటేవాటికి ఇంకా ఎక్కువ. రన్‌వే పొడుగు పెరిగిందంటే, దాని చివర ఉన్న ఎవరి పొలమో తరిగిందన్నమాట.

గన్నవరం కథ చూడండి. 1981లో కేంద్ర ప్రభుత్వం చిన్న ఊళ్ళ కోసమని వాయుదూత్ సంస్థ పెట్టింది. ఆ చిన్న విమానాలు మన విజయవాడ, రాజమండ్రిలకి కూడా వచ్చి వెళ్ళాయి. కొన్నేళ్ళకి ఆ దూత అలసిపోయాడు, 1993లో సంస్థే కలిసిపోయింది. మళ్ళీ 2003లో ఎయిర్ డెక్కన్ వాళ్ళు హైదరాబాదు నుంచి విజయవాడకి రోజువారీ విమానం వేశారు. తక్కువ టిక్కెట్టుతో మామూలు జనాన్ని ఎక్కిస్తామన్న సంస్థ అది. 2013 అక్టోబరులో విజయవాడనే పుట్టిల్లుగా చేసుకుని ఎయిర్ కోస్టా బయల్దేరింది. మన ఊరి విమానం అని అందరం మురిశాం. మూడేళ్ళు దాటి కొన్ని నెలలు నడిచింది. 2017 ఫిబ్రవరి చివర ఆగిపోయింది. ఆకాశంలో వ్యాపారం అంటే చేపల చెరువు కన్నా గడ్డు అని మా ఊరి చెరువుల వాళ్ళు తీర్పు చెప్పేశారు. చెరువులో కనీసం చేప చచ్చినా అడుగున మట్టి మిగులుతుందిగా!

2014లో రాష్ట్రం విడిపోయి, రాజధాని కృష్ణ ఒడ్డుకి వస్తుందన్నాక గన్నవరం దశ తిరిగింది. 2017 జనవరిలో కొత్త టెర్మినలు తెరిచారు. ఆ మే నెలలో కేంద్ర మంత్రివర్గం దానికి అంతర్జాతీయ హోదా ఇచ్చింది. 2018 డిసెంబరు 4న మొదటి విదేశీ విమానం సింగపూరుకి లేచింది. రాష్ట్ర ప్రభుత్వం నష్టం పూడ్చే షరతు మీద వేసిన ఆ సర్వీసు కొద్ది నెలలకే, 2019లో ఆగింది. రన్‌వే 2,286 మీటర్ల నుంచి 3,360 మీటర్లకి పెరిగింది. ఆ పెంపు కోసం బుద్ధవరం, కేసరపల్లి, అజ్జంపూడి గ్రామాల రైతుల భూములు కావలసి వచ్చాయి. డబ్బుకి బదులు అమరావతిలో స్థలాలు ఇస్తామన్న ఒప్పందం మీద చాలామంది ఇచ్చారు. ఆ అమరావతి పని ఎన్ని ఏళ్ళు ఆగిందో, అక్కడి స్థలాన్ని నమ్ముకున్నవాడు ఎన్ని రాత్రులు పైకప్పు చూస్తూ పడుకున్నాడో మనందరికీ తెలిసిందే.

ఇంకో సంగతి నన్ను మరీ ఆలోచింపజేసింది. ఆ విస్తరణకి ఏలూరు కాలువ అడ్డొచ్చింది. కాలువని దారి మళ్ళించాలన్నారు. నూట యాభై ఏళ్ళకి పైగా ఆ నీళ్ళ మీదే కదా ఈ ప్రాంతపు అన్నం నడిచింది! ఒకప్పుడు పడవే రాజు. ఇప్పుడు పెద్దకోడలు వస్తుంటే పాతగది ఖాళీ చేసి చావిట్లోకి జరిగిన ముసలమ్మలా కాలువ పక్కకి తప్పుకోవాలి. తప్పని నేననను. కాలం అలాంటిది. కానీ తప్పుకున్న దానికి ఒక నమస్కారమైనా పెట్టాలి కదా.

ఇంత చేసి, ఈ గాలిమోటరు ఎవరిని మోస్తోంది? డబ్బున్నవాళ్ళని అని చటుక్కున అనేస్తాం. సగమే నిజం. సంక్రాంతి ముందు చూడండి, హైదరాబాదు నుంచి గన్నవరానికీ రాజమండ్రికీ టిక్కెట్టు ధర కోడిపుంజు ధరతో పోటీ పడుతుంది. భోగి నాటికి భీమవరం చేరకపోతే ప్రాణం నిలవని వాళ్ళు విమానంలో దిగుతారు. వాళ్ళు ఒక రకం. అమెరికాలో పిల్లల దగ్గరకి పచ్చళ్ళ డబ్బాలతో వెళ్ళే తల్లిదండ్రులు మరో రకం. మూడో రకం గురించి ఎవరూ రాయరు. ఉభయ గోదావరి జిల్లాల పల్లెల నుంచి కువైట్టుకీ, మస్కట్టుకీ, దుబాయికీ ఇళ్ళలో పనికి వెళ్ళిన ఆడవాళ్ళు. మన జిల్లాల్లో మొట్టమొదట వరసగా విమానం ఎక్కిన ఆడవాళ్ళెవరని లెక్క తీస్తే, జమీందారిణులూ కాదు, డాక్టర్లూ కాదు, వీళ్ళే తేలతారేమో.

ఒకసారి గన్నవరంలో పక్కకుర్చీలో కూర్చున్న ఒకావిడ మాట కలిపింది. నరసాపురం అవతల ఏదో లంక. "మొదటిసారి ఎల్లినప్పుడు బొంబాయి ఎల్లి ఎక్కానండి అమ్మగారూ. ఒక పగలూ ఒక రాత్రీ రైలు. ఆ ఊళ్ళో భాష రాదు, ఏజెంటు ఎవడో తెలీదు. విమానం చూసి భయపడలేదండి, ఆ ఊరు చూసి భయపడ్డాను. ఇప్పుడు ఇక్కడే దిగుతున్నామండి. దిగంగానే తెలుగు ఇనపడుద్ది కదండీ, ఆయ్, సగం జ్వరం తగ్గిపోద్ది" అంది. ఆ మాట నేను మరిచిపోలేను. 2020లో కరోనా రోజుల్లో కువైట్టు నుంచి వందేభారత్ విమానాలు గన్నవరంలో దింపింది ఇలాంటి వాళ్ళనే. 2022 అక్టోబరు చివర షార్జా నుంచి విజయవాడకి నేరుగా విమానం మొదలైనప్పుడు సంతోషపడ్డదీ వీళ్ళ ఇళ్ళే. దగ్గర్లో విమానాశ్రయం ఉండడం వీళ్ళకి డాబు కాదు, ధైర్యం.

నాలుగో ప్రయాణికురాలు ఒకామె ఉంది. మీరు నవ్వినా సరే, చెబుతాను. రొయ్య! 1990ల నడిమికి తెల్లమచ్చ తెగులు వచ్చి టైగరు రొయ్య రైతుల్ని నిలువునా ముంచేసింది. 2009లో వెనామీ రొయ్యకి ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. దాని తల్లిరొయ్యలు హవాయి నుంచీ ఫ్లోరిడా నుంచీ పెట్టెల్లో విమానం ఎక్కి మద్రాసులో దిగుతాయి. దిగంగానే ఇంటికి పంపరు. నీలాంగరైలోని క్వారంటైను కేంద్రంలో ఉంచి, రోగాలేవీ లేవని తేలాకే హేచరీలకి ఇస్తారు. అవి పెట్టిన పిల్లలే ప్రాణవాయువు నింపిన ప్లాస్టిక్ సంచుల్లో వ్యానెక్కి మా ఆకివీడు, ఉండి చెరువుల్లోకి వస్తాయి. పెరిగిన రొయ్య ఐసుగడ్డల మీద, ఓడల మీద మళ్ళీ అమెరికా పోతుంది. తల్లి విమానంలో వచ్చింది, పిల్ల ఓడలో వెళ్ళింది. ఆ చెరువు గట్టున మేత జల్లే కూలీ మాత్రం విమానాన్ని తలెత్తి చూడడమే గాని ఎక్కింది లేదు.

2016లో కేంద్రం ఉడాన్ పథకం తెచ్చింది. గంట ప్రయాణానికి 2,500 రూపాయలకి మించకుండా కొన్ని సీట్లు ఇస్తామంది. హవాయి చెప్పులు వేసుకున్నవాడూ ఎక్కాలన్నారు. 2017 ఏప్రిల్ 27న ఆ పథకం కింద లేచిన తొలి విమానాల్లో మన కడప నుంచి హైదరాబాదు వెళ్ళినదీ ఒకటి. దాన్ని నడిపిన ట్రూజెట్ 2022లో ఆగిపోయింది. వాయుదూత్, ఎయిర్ కోస్టా, ట్రూజెట్, మూడూ వచ్చాయి, మూడూ పోయాయి. విమానాలు ఎగిరిపోతాయి, కంపెనీలు ఎగిరిపోతాయి. వాటి కోసం తీసుకున్న నేల మాత్రం మళ్ళీ వరిచేను కాదు.

దానికి సాక్ష్యం కావాలంటే తాడేపల్లిగూడెం వెళ్ళండి. ఎనభై ఏళ్ళు దాటిపోయింది. తెల్లవారుజామున ఆ పాత రన్‌వే మీద షుగరు వచ్చినవాళ్ళు నడుస్తారు, కుర్రాళ్ళు పరుగు పందేలకి సాధన చేస్తారు, కొత్తగా బండి నేర్చుకునే ఆడపిల్ల అన్నయ్య అరుపుల మధ్య వంకరటింకరగా పోతుంది. కడకట్ల దగ్గర ఆ ఏరోడ్రోము భూముల్లో దాదాపు 172 ఎకరాలు జాతీయ సాంకేతిక విద్యాసంస్థకి ఇచ్చారు. 2015లో మొదలైన ఆ ఎన్.ఐ.టి. కొన్నాళ్ళు ఒక ఇంజనీరింగు కాలేజీలో తలదాచుకుని, తర్వాత ఇక్కడికి చేరింది. బాంబుల విమానం కోసం చదును చేసిన నేలలో పిల్లలు పుస్తకాలు పట్టుకుని తిరుగుతున్నారంటే అంతకన్నా మంచి ముగింపు ఏముంటుంది? కానీ కథ ముగియలేదు. 2024లో రాష్ట్ర ప్రభుత్వం కొత్త విమానాశ్రయాల కోసం ఏడు చోట్ల పేర్లు చెప్పింది. కుప్పం, శ్రీకాకుళం, దగదర్తి, ఒంగోలు, నాగార్జునసాగర్, తుని-అన్నవరం, వాటితో పాటు తాడేపల్లిగూడెం. పేద చెల్లెలికి మళ్ళీ పెళ్ళిచూపులు!

ఇంతలో ఇంకొకరి మాట కూడా వినాలి. ఈ ప్రాంతంలో అందరికన్నా పాత విమానాశ్రయం ఒకటుంది. దానికి టెర్మినలు లేదు, టిక్కెట్టు లేదు. అది కొల్లేరు. చలికాలానికి మధ్య ఆసియా నుంచీ సైబీరియా నుంచీ పక్షులు దారి తప్పకుండా వచ్చి దిగే చోటు. కైకలూరు దగ్గర ఆటపాక వెళ్ళి గూడబాతు ఎగరడం చూడండి. ఐదు కిలోల బరువు. ఉన్నపళాన లేవలేదు. నీళ్ళ మీద కాళ్ళతో టపటపా కొడుతూ, రెక్కలాడిస్తూ కొంత దూరం పరుగెత్తి, అప్పుడు లేస్తుంది. దానికీ రన్‌వే కావాలి! గూళ్ళు కట్టే చెట్లు చచ్చిపోతే అటవీశాఖ వాళ్ళు ఇనుప స్టాండ్లు పెడితే, ఆ ఇనుము మీద కాపరం పెట్టి పిల్లల్ని చేసుకుంటోంది. 1999లో కొల్లేరులో 308 చదరపు కిలోమీటర్లని పక్షుల అభయారణ్యం అన్నారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో చేపల చెరువుల గట్లు పేల్చి పెద్ద గొడవే అయింది. అక్కడా అసలు పేచీ నేలదే.

పక్షికీ విమానానికీ పడదు. ఐదు కిలోల గూడబాతు ఆ వేగంలో ఇంజనుకి తగిలితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. అందుకే విమానాశ్రయాల్లో టపాకాయలు పేల్చి పక్షుల్ని తరిమే ఉద్యోగులుంటారు. 1937 నాటి విమాన నియమాల్లోనే, విమానాశ్రయానికి 10 కిలోమీటర్ల లోపల పక్షుల్ని ఆకర్షించేలా జంతువుల్ని కోయడం, చెత్త పోయడం కూడదని రాసి ఉంది. గూడేనికీ కొల్లేటికీ దూరం ఆ పది కిలోమీటర్ల కన్నా ఎక్కువే. కానీ పక్షి కిలోమీటరు రాళ్ళు చూసుకుని ఎగరదు. చేపల వ్యర్థాలూ రొయ్యతలలూ ఎక్కడ పడితే అక్కడ పోసే మన అలవాటు మారకపోతే, ఎక్కడ వాసన వస్తే అక్కడ దిగుతుంది.

గూడేనికి విమానాశ్రయం వద్దని చెప్పడానికి నేనీ కథంతా ఎత్తుకోలేదు. గన్నవరం కుర్చీలో కూర్చున్న ఆవిడ ముఖం చూశాక వద్దనే నోరు నాకు లేదు. ఆడకూతురు పరాయి ఊళ్ళో ఏజెంటు వెనకాల బిక్కుబిక్కుమంటూ నడవకుండా, తన జిల్లాలోనే విమానం ఎక్కగలిగితే నేనే కొబ్బరికాయ కొడతాను. నేనడిగేది చాలా చిన్నది. మొదటిసారి యుద్ధం తొందర. రైతుని అడిగే తీరిక దొరలకి లేదు. ఇప్పుడు బాంబులు పడటం లేదు, లాంతర్లకి నల్లకాగితాలు చుట్టడం లేదు. ఇప్పుడు కావలసినంత తీరిక ఉంది. నేల ఎవరిది, వాడికి ఏమిస్తున్నారు, ఇస్తానన్నది ఏనాటికి చేతికి వస్తుంది, విమానం రాకపోతే ఆ నేల గతి ఏమిటి? ఈ నాలుగు ప్రశ్నలకీ కాగితం మీద జవాబు రాసి, చదువు రాని రైతుకి చదివి వినిపించి, ఆ తర్వాతే కొలతగొలుసు పట్టుకుని పొలంలో అడుగు పెట్టాలి.

గాలి ఎటు వీస్తోందో చూడకుండా పైలటు చక్రం కదపడు. నేలమీద ఉన్నవాడి మనసు ఎటు ఉందో చూడకుండా మనం మాత్రం రాయి ఎందుకు పాతాలి?